శాస్త్రం, శస్త్రం: పండిత మధుసూదన గుప్త

1849వ సంవత్సరం జూన్ నెలలో కలకత్తా వైద్య కళాశాలకు ఒక చిత్రపటం బహుమానంగా అందినది. శ్రీమతి బెల్నోస్ చిత్రించిన పటం అది. పటంలోని మనిషి రాజు కాడు, గవర్నరు కాడు, కళాశాలకు ధనం ఇచ్చిన దాత కూడా కాడు. ఆయన ఆ కళాశాలలోనే పాఠం చెప్పే ఒక వంగదేశపు పండితుడు. ఆయన చేతి చెంత ఒక మానవ కపాలం ఉన్నది. బ్రతికి ఉండి, నిత్యం అదే భవనంలో పనిచేస్తున్న ఒక దేశీయ ఉపాధ్యాయునికి ఇట్టి గౌరవం ఆ కాలంలో అరుదు.

పటాన్ని సమర్పించిన సభలో విద్యామండలి అధ్యక్షుడు డ్రింక్‌వాటర్ బెథూన్ ప్రసంగించినారు. కలకత్తాలో బాలికల కోసం పాఠశాల స్థాపించి పేరు పొందిన బెథూన్ ఈయనే. పదమూడు సంవత్సరాల క్రిందట జరిగిన ఒక సంఘటనను ఆయన సభకు కళ్ళకు కట్టినట్లు వర్ణించినారు. ఒక పండితుడు కత్తి చేతబట్టి, ఒక శవం ముందు నిలిచిన సంఘటన అది. ఆ పండితుని పేరు మధుసూదన గుప్త. ఆధునిక కాలంలో మన దేశంలో మానవ శరీరాన్ని విద్యార్థం కోసి చూచిన మొదటి భారతీయుడుగా ఆయనను చెప్పుకుంటున్నాము.

ఆ ఒక్క రోజు కథ తరచుగా వింటూ ఉంటాము. కాని మధుసూదన గుప్త జీవితం ఒక్క రోజుతో ముగిసినది కాదు. ఆయన పదునైన కత్తి పట్టకముందు చాలాకాలం పుస్తకం పట్టినారు. కత్తి పట్టిన తరువాత కూడా పుస్తకాన్ని విడువలేదు. మన వైద్యంలో ఎన్నో శతాబ్దాలుగా విడిపోయి ఉన్న రెండింటిని, అనగా శాస్త్రాన్ని, శస్త్రాన్ని, ఒకే మనిషిలో మళ్ళీ కలిపినందువల్లనే ఆయనను స్మరించవలసి ఉన్నది.

ఆ రెండూ ఒకప్పుడు కలిసియే ఉండేవి. సుశ్రుత సంహితలోని శారీరస్థానంలో శవాన్ని పరీక్షించే పద్ధతి వివరంగా ఉన్నది. అవయవాలన్నీ సరిగా ఉన్న మృతదేహాన్ని ఎన్నుకోవలెను. విషం వల్ల మరణించినవానిది, దీర్ఘరోగంతో క్షీణించినవానిది, నూరేళ్ళ వృద్ధునిది పనికిరాదు. దేహాన్ని గడ్డితోను, నారతోను చుట్టి, పంజరంలో ఉంచి, వేగం లేని నదిలో మరుగైన చోట మునుగునట్లు కట్టి, ఏడు రాత్రులు విడువవలెను. తరువాత వెలికితీసి, వట్టివేరు, వెంట్రుకలు, వెదురు వంటివాటితో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని ఒక్కొక్క పొరనూ కంటితో చూడవలెను. ఇదీ ఆ పద్ధతి. శాస్త్రం చదివి తెలుసుకొన్నది, కంటితో చూచి తెలుసుకొన్నది రెండూ కలిస్తేనే జ్ఞానం వృద్ధి పొందుతుందని ఆ గ్రంథం అభిప్రాయం. శాస్త్రం మాత్రమే తెలిసి పని చేతకానివానిని, పని తెలిసి శాస్త్రం తెలియనివానిని అది ఒంటి రెక్క పక్షితో పోల్చినది. శిష్యుడు మొదట సొరకాయ, దోసకాయల మీద కోయడం నేర్చుకోవలెనని, బురద నింపిన తోలుసంచుల మీద చీల్చడం నేర్చుకోవలెనని కూడా అందులో ఉన్నది.

కాలక్రమాన ఆ పక్షికి రెక్కలు విడిపోయినవి. శవస్పర్శ అశౌచమనే భావం బలపడినది. చదువుకున్న వైద్యుడు నాడి చూచి, మందు నూరి ఇవ్వడంతో తృప్తిపడినాడు. కోత, కుట్టు, ఎముక కట్టడం వంటి పనులు చదువులేని వృత్తికులాల చేతులలోనికి పోయినవి. గ్రంథం ఒక ఇంట, పనితనం వేరొక ఇంట నిలిచిపోయినవి.

ఇందుకు ఒక ప్రసిద్ధమైన తార్కాణం ఉన్నది. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలో ఆంగ్ల సైన్యానికి బండ్లు తోలే కావస్జీ అనే వ్యక్తి శత్రువులకు చిక్కి ముక్కు కోల్పోయినాడు. అతనికి పూనా ప్రాంతంలో ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకడు నుదుటి చర్మం మడిచి కొత్త ముక్కు కట్టినాడు. 1794లో లండనులోని 'జెంటిల్మన్స్ మాగజైన్' ఆ వృత్తాంతాన్ని చిత్రంతో సహా ప్రకటించినది. అది చదివిన కార్ప్యూ అనే లండను శస్త్రవైద్యుడు 1814లో అదే పద్ధతిలో శస్త్రచికిత్స చేసి జయం పొందినాడు. ముక్కు అతికించే విద్యను వర్ణించిన సుశ్రుతుని గ్రంథం సంస్కృత పండితుల ఇండ్లలో తాళపత్రాలపై ఉన్నది. చేతిలో విద్య ఉన్న ఆ ఇటుకల పనివానికి ఆ పండితుల గడప దూరం. ఆ పండితులకు ఇతని చేతిపని దూరం.

శవాన్ని కోయడం పట్ల వైముఖ్యం మన దేశానికే పరిమితమని భావించడం మాత్రం సరికాదు. అదే కాలంలో ఇంగ్లండులో సైతం జనులు శవచ్ఛేదాన్ని ఘోర శిక్షగా తలచేవారు. ఉరితీయబడిన హంతకుల దేహాలను మాత్రమే వైద్య పాఠశాలలకు ఇచ్చేవారు. అవి చాలక సమాధులను త్రవ్వి శవాలను దొంగిలించి అమ్మే వృత్తియే ఒకటి బయలుదేరినది. 1828లో ఎడింబరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు శవాల వెల కోసం మనుషులనే చంపినారని బయటపడి దేశం గగ్గోలు పెట్టినది. 1832లో ఒక చట్టం చేసిన తరువాతనే అక్కడ ఈ వ్యవహారం ఒక దారిలో పడినది. కలకత్తాలో జరిగిన సంఘటన దీనికి నాలుగేండ్ల తరువాతిదే అని గుర్తుంచుకోవలెను.

మధుసూదన గుప్త 1800 ప్రాంతంలో హుగ్లీ జిల్లా వైద్యవాటి గ్రామంలో వైద్యవృత్తి గల కుటుంబంలో జన్మించినారు. 1824లో కలకత్తాలో సంస్కృత కళాశాల వెలసినది. కొద్దికాలానికే అందులో ఆయుర్వేద తరగతి ఏర్పడగా మధుసూదన గుప్త అందులో విద్యార్థిగా చేరినారు. ఆయన ప్రతిభ ఎంతటిదనగా, 1830లో ఆ తరగతికే ఆయనను ఉపాధ్యాయునిగా నియమించినారు. నిన్నటివరకు తమ ప్రక్కన కూర్చున్నవాడు నేడు గురుపీఠం ఎక్కడం సహాధ్యాయులకు రుచించలేదు. వారు అభ్యంతరం తెలిపినారు. ఆయన జీవితంలో ఇట్టి అభ్యంతరం ఇదే మొదటిది, కాని కడపటిది కాదు.

సంస్కృత కళాశాలలో ఆయుర్వేదంతో పాటు పాశ్చాత్య శరీరశాస్త్రాన్ని గురించి కూడా కొంత బోధన జరిగేది. డాక్టర్ జాన్ టైట్లర్ అక్కడ ఉపన్యసించేవారు. అయితే మానవదేహం ఎక్కడా కంటబడదు. బొమ్మలు, విడి ఎముకలు, జంతువుల అవయవాలు, ఇంతే సాధనసామగ్రి. ఈ దశలోనే మధుసూదన గుప్త, హూపర్ అనే ఆంగ్లేయుడు రచించిన శరీరశాస్త్ర గ్రంథాన్ని 'శారీరవిద్య' అనే పేరుతో సంస్కృతంలోనికి అనువదించినారు. సంస్కృతంలో ఆధునిక శరీరశాస్త్రం! ఆ పని చేస్తున్నప్పుడు ఆయనకు అడుగడుగునా ఎదురైన చిక్కును మనం ఊహించుకోవచ్చును. సుశ్రుతుడు శల్యతంత్రాన్ని అనుసరించి ఎముకలు మూడువందలని చెప్పినాడు. దంతాలు, మృదులాస్థులు కూడా ఆ లెక్కలో చేరినవి. పాశ్చాత్యుల లెక్కలో అవి ఎముకలు కావు. సిర, ధమని అనే మాటలు సుశ్రుతునిలో ఉన్నవి. కాని నేడు మనం ఆ మాటలకు చెప్పుకొనే అర్థాలు వేరు. ఏ మాటకు ఏ అవయవం? పుస్తకాన్ని పుస్తకంతో పోల్చి చూచినంత మాత్రాన ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు. దేహాన్ని తెరచి చూడవలసినదే.

ఆయన పరిశ్రమలో మరొక భాగం ఉన్నది. సుశ్రుత సంహితను మొట్టమొదట అచ్చువేయించినది మధుసూదన గుప్తయే. కలకత్తా ఎడ్యుకేషన్ ముద్రాక్షరశాలలో మొదటి సంపుటం 1835లోను, రెండవ సంపుటం 1836లోను వెలువడినవి. అంతవరకు వ్రాతప్రతులలో ఉన్న గ్రంథం ఆయన పరిష్కరణంలో మొదటిసారి అచ్చులోనికి వచ్చినది. తేదీలను గమనింపవలసినది. ఆ రెండు సంపుటాలు వెలువడుతున్న కాలంలోనే ఆయన శవచ్ఛేదశాలలో అడుగుపెట్టినారు. శవాన్ని కంటితో చూచి తెలుసుకొమ్మని చెప్పే అధ్యాయాన్ని స్వయంగా పరిష్కరించి ప్రకటించిన మనిషి, ఆ మాటను పాటించిన మనిషి ఒక్కరే.

ఇక కళాశాల సంగతి. అప్పటివరకు కలకత్తాలో దేశీయులకు వైద్యం నేర్పేందుకు 1822లో స్థాపించిన ఒక పాఠశాల, సంస్కృత కళాశాలలోని తరగతి, మదరసాలోని యునానీ తరగతి ఉండేవి. ఇవి చాలుచున్నవా అని విచారించడానికి గవర్నర్ జనరల్ విలియం బెంటింకు 1833లో ఒక సంఘాన్ని నియమించినాడు. దేశభాషలలోనే, సంస్కృతం, అరబ్బీలలోనే బోధన సాగవలెనని టైట్లర్ గట్టిగా వాదించినారు. ఆ వాదం నెగ్గలేదు. 1835 జనవరి 28వ తేదీ ఉత్తరువుతో పాత తరగతులన్నీ రద్దయినవి. ఆంగ్లభాషలో, కులమత భేదం లేకుండా, పాశ్చాత్య పద్ధతిలో వైద్యం నేర్పే కొత్త కళాశాల ఏర్పడినది. విద్యార్థులు సుమారు 50 మంది. బ్రామ్లీ అధిపతి, గుడీవ్ ఆయనకు సహాయకుడు, తరువాత తంతి తపాలా నిర్మాతగా ప్రసిద్ధికెక్కిన ఓషానెస్సీ రసాయనశాస్త్ర బోధకుడు.

ఆ ఉత్తరువుతో మధుసూదన గుప్త నడుపుతున్న ఆయుర్వేద తరగతి మూతబడినది. ఆయన కొలువు పోయిన పండితుడై ఇంటికి పోవలసినదే. కాని 1835 మార్చిలో కొత్త కళాశాలలో గుడీవ్‌కు సహాయకుడుగా, శరీరశాస్త్రం చూపి చెప్పే ఉపాధ్యాయుడుగా ఆయనను నియమించినారు. సంస్కృత తరగతిని తొలగించిన కళాశాలకు సంస్కృత పండితుడే అవసరమైనాడు. ఎందుచేత? ఆంగ్లేయుడు శవాన్ని కోసి చూపినంత మాత్రాన హిందూ బాలురు కత్తి పట్టరు. శాస్త్రం తెలిసినవాడు, అగ్రకులస్థుడు, గౌరవనీయుడు అయిన ఒక భారతీయుడు ముందు నడవవలెను. ఈ సంగతి బ్రామ్లీకి, గుడీవ్‌కు తెలుసును. మధుసూదన గుప్తకు వారికన్న బాగా తెలుసును.

సంప్రదాయంగా చెప్పుకొనే తేదీ 1836 జనవరి 10. నాటి దృశ్యాన్ని బెథూన్ చెప్పినదాని సారాంశం ఇది. శవాన్ని ప్రధాన భవనంలో కాక, వెలుపల గిడ్డంగి వంటి ఒక గదిలో ఉంచినారు. నిర్ణయించిన వేళకు గుడీవ్ ముందు, చేత కత్తితో మధుసూదన గుప్త వెనుక, ఆ గదిలోనికి ప్రవేశించినారు. విద్యార్థులు గుమ్మం వరకు వచ్చినారు. లోపలికి రావడానికి మాత్రం ధైర్యం చాలలేదు. కొందరు వాకిట గుమిగూడినారు, కొందరు కిటికీ రెక్కల సందులలోనుంచి తొంగిచూచినారు. చూడకుండా పోలేరు, దగ్గరకు రాలేరు. మధుసూదన గుప్త చేయి వణకలేదు. శవం రొమ్ముపై పొడవుగా, లోతుగా ఒక కోత పెట్టినారు. అంతవరకు ఊపిరి బిగబట్టి ఉన్న ఆ యువకులు, భరింపరాని బరువేదో దిగిపోయినట్లు, ఒక్కసారిగా నిట్టూర్చినారు.

ఇది పదమూడేండ్ల తరువాత చెప్పిన కథనం. కళాశాల అధిపతి బ్రామ్లీ ఆనాడే వ్రాసిన నివేదికలో మరొక తేదీ ఉన్నది. 1836 అక్టోబరు 28వ తేదీన నలుగురు విద్యార్థులు స్వహస్తాలతో శవచ్ఛేదం చేసినారని అందులోని విషయం. ఉమాచరణ సేఠ్, రాజకృష్ణ దే, ద్వారకానాథ గుప్త, నవీనచంద్ర మిత్ర అనేవి ఆ నలుగురి పేర్లుగా చెబుతారు. ఈ భేదాన్ని పట్టుకొని, మొదటివాడు మధుసూదన గుప్తయా, ఆ విద్యార్థులలో ఒకడా అని చరిత్రకారులు వాదించినారు. బెథూన్ మాటలను బట్టి చూస్తే గురువు ముందు కోసినాడు. బ్రామ్లీ నివేదికను బట్టి చూస్తే అదే సంవత్సరంలో శిష్యులు కత్తి అందుకున్నారు. గురువు గొప్పదనానికి ఇంతకన్న వేరు సాక్ష్యం అవసరమని నాకు తోచదు. తాను ఒక్కడు సాహసించడం ఒక ఎత్తు; కిటికీ సందులలోనుంచి చూచిన పిల్లలను గదిలోనికి రప్పించడం మరొక ఎత్తు. రెండవది ఉపాధ్యాయుడు చేసే పని.

ఆ రోజున ఫోర్ట్ విలియం కోటలో ఫిరంగులు మ్రోగించి ఉత్సవం చేసినారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కాని శవాన్ని వెలుపలి గదిలో ఉంచి, పని గుట్టుగా జరిపినవారు అదే దినం ఫిరంగులు పేల్చి ఊరందరికీ చాటినారనడం పొసగదు. ఈ కథ పుట్టడానికి కారణం మాత్రం ఉన్నది. ఆంగ్ల పాలకులకు మధుసూదన గుప్త కత్తి తమ నాగరికత సాధించిన విజయానికి గుర్తుగా కనిపించినది. ఫిరంగుల మ్రోత ఆ విజయానికి తగిన వాద్యం. మన దేశాభిమానులలో కొందరు మరొక విధంగా చెప్పినారు: ఆయన చేసినది కొత్త పని కాదు, సుశ్రుతుడు చెప్పినదే అన్నారు. ఇందులోనూ పూర్తి సత్యం లేదు. సుశ్రుతుని పద్ధతిలో కత్తి లేదు. నీటిలో నానిన దేహాన్ని కుంచెతో రుద్ది చూడడం మాత్రమే ఉన్నది. మధుసూదన గుప్త పద్ధతి గుడీవ్ దగ్గర నేర్చినది. ధైర్యం మాత్రం సొంతం. చదివినదానిని చూడవలెనన్న పట్టుదల ఆయన ఎటునుంచి తెచ్చుకున్నారో, ఆయన అచ్చువేయించిన గ్రంథమే చెబుతుంది.

తలుపు ఒకసారి తెరచుకున్న తరువాత మార్పు వేగంగా వచ్చినది. 1837లో కళాశాలలో 60 శవాలను పరిచ్ఛేదించినారు; మరుసటి ఏడు ఆ సంఖ్య రెట్టింపు అయినది; 1844 నాటికి 500 దాటినది. ద్వారకానాథ ఠాకూరు విద్యార్థులకు బహుమతుల కోసం ఏటేటా ధనం ఇచ్చినారు; శవచ్ఛేదం జరుగుతూ ఉండగా స్వయంగా వచ్చి కూర్చొని వారికి ధైర్యం చెప్పేవారని ప్రతీతి. 1845లో గుడీవ్‌తో పాటు నలుగురు విద్యార్థులు సముద్రం దాటి వైద్యవిద్య కోసం ఇంగ్లండు వెళ్ళినారు. వారిలో ఇద్దరి ఖర్చు ద్వారకానాథ ఠాకూరే భరించినారు. వారిలో ఒకడైన సూర్యకుమార చక్రవర్తి 1855లో ఇండియన్ మెడికల్ సర్వీసు పరీక్షలో నెగ్గి, ఆ కొలువులో చేరిన తొలి భారతీయుడైనాడు. శవస్పర్శకు జంకిన తరం గడిచి పది సంవత్సరాలు కాకముందే సముద్రయానానికి జంకని విద్యార్థులు వచ్చినారు.

శిష్యులు ఇట్లు పైకి పోతూ ఉండగా గురువుకు ఒక అవమానం ఎదురైనది. పట్టం లేని ఉపాధ్యాయుని వద్ద మేము నేర్చుకొనడమేమి అని కొందరు విద్యార్థులు ఆక్షేపించినారు. నిజమే; ఆయనకు కళాశాల ఇచ్చిన యోగ్యతాపత్రం లేదు. ఆయన యోగ్యతలన్నీ సంస్కృతంలో ఉన్నవి. సంస్కృత కళాశాలలో సహాధ్యాయులు లేవదీసిన అభ్యంతరమే పదేండ్ల తరువాత మరొక రూపంలో తిరిగి వచ్చినది. అప్పటికి ఆయన వయస్సు నలుబది ప్రాంతం. కోపించి కొలువు మానుకొని ఉండవచ్చును. తన సేవను ఎత్తిచూపి పైవారికి మొర పెట్టుకొని ఉండవచ్చును. ఆయన ఆ రెండూ చేయలేదు. 1840లో, తాను పాఠం చెప్పిన పిల్లలు వ్రాసే పరీక్షకే తానూ కూర్చొని, ఉత్తీర్ణుడై, యోగ్యతాపత్రం సంపాదించినారు. శవం ముందు కత్తి పట్టిన సాహసం కన్న ఈ పరీక్షకు కూర్చున్న వినయం తక్కువదని నేను అనుకోను. మొదటిదానికి చిత్రపటం దొరికినది; రెండవదానిని చరిత్ర ఒక వాక్యంలో చెప్పి ఊరకున్నది.

ఆయన జీవితపు ఉత్తరార్ధాన్ని పరిశీలిస్తే మరొక విశేషం తెలుస్తుంది. 1835 ఉత్తరువు వైద్యబోధన నుండి దేశభాషలను తొలగించినది. కాని కొద్ది సంవత్సరాలలోనే ఆ నిర్ణయం చాలదని తేలినది. ఆంగ్లం చదివి పట్టం పొందే వైద్యులు ఏటా కొద్దిమంది. సైన్యానికి, జిల్లాలకు, పల్లెటూళ్ళకు కావలసిన వైద్యులు వేల మంది. 1839లో సైనిక వైద్యశాలల కోసం అదే కళాశాలలో హిందుస్తానీ తరగతి ప్రారంభమైనది. కొంత కాలానికి దానిని పునర్నిర్మించి, పర్యవేక్షణ మధుసూదన గుప్తకు అప్పగించినారు. 1852లో బంగాళీ తరగతి ఏర్పడినప్పుడు దాని అధిపత్యం కూడా ఆయనకే వచ్చినది. ఆ తరగతియే తరువాత సియాల్దాకు తరలి కాంప్‌బెల్ వైద్య పాఠశాలగా ఎదిగి, నేడు నీలరతన్ సర్కార్ వైద్య కళాశాలగా ఉన్నది.

తరగతి ఉంటే చాలదు, పుస్తకం కావలెను. లండను ఔషధ సంహితను ఆయన బంగాళీలోనికి అనువదించగా 1849లో వెలువడినది. శరీరశాస్త్రంపై బంగాళీ గ్రంథం 1853లో వచ్చినది. యౌవనంలో హూపర్ గ్రంథాన్ని సంస్కృతం చేసినప్పుడు ఆయన చూచినవి బొమ్మలు. ఈ బంగాళీ గ్రంథం వ్రాసేనాటికి దాదాపు పదునేడు సంవత్సరాలు శవచ్ఛేదశాలలో గడిపినారు. భాషలో శాస్త్రం చెప్పవలెననుకొనే వారందరికీ ఈ భేదం విలువైనది. పదం పుట్టవలసినది నిఘంటువులో కాదు. వస్తువును ఎరిగినవాని నోట. నేడు మన తెలుగు పాఠ్యపుస్తకాలలో ధమని, సిర అనే మాటలను పిల్లలు అలవోకగా పలుకుతున్నారు. ప్రాచీన పదం ఒకటి ఆధునిక అవయవానికి సరిగా అతికి, బడిపిల్లవాని నాలుకపై నిలవడం వెనుక ఎందరి శ్రమ ఉన్నదో మధుసూదన గుప్త వంటివారి జీవితం చదివితే తెలుస్తుంది.

ఆయన దృష్టి కళాశాల గోడలకే పరిమితం కాలేదు. కలకత్తాలో జ్వరచికిత్సాలయం గురించి విచారించిన సంఘం ఎదుట సాక్ష్యమిస్తూ, ఆ నగరపు ఇండ్లలో బాలింతలను ఉంచే గదుల దుస్థితిని వివరించినారు. 1848లో ప్రభుత్వం ఆయనను మొదటి తరగతి సబ్ అసిస్టెంట్ సర్జనుగా చేసినది. చిరకాలం మధుమేహంతో బాధపడి, దానివల్ల రక్తం విషపూరితమై, 1856 నవంబరు 15వ తేదీన మరణించినారు. మరుసటి సంవత్సరం జనవరిలో కలకత్తా విశ్వవిద్యాలయం స్థాపితమైనది. తాను నాటిన శాస్త్రం విశ్వవిద్యాలయపు పట్టానికి ఎక్కడం చూడడానికి ఆయన లేరు.

దక్షిణాదిలో కూడా ఆ కాలంలోనే వైద్యవిద్యకు పునాది పడినది. 1835లోనే మద్రాసులో వైద్య పాఠశాల ఆరంభమైనది. 1850లో అది కళాశాల అయినది. హైదరాబాదులో 1846లో నిజాము ప్రభుత్వం వైద్య పాఠశాల స్థాపించగా, అక్కడ బోధన ఉర్దూలో సాగినది. విశాఖపట్నంలో 1923లో వైద్య కళాశాల ఏర్పడే వరకు కోస్తా, రాయలసీమ జిల్లాల తెలుగు యువకులు ఎందరో మద్రాసుకు పోయి చదువుకునేవారు. అక్కడ శవచ్ఛేదశాలలో మొదటిసారి అడుగుపెట్టి, ముక్కుకు ఉత్తరీయం అడ్డుపెట్టుకొన్న ప్రతి బాలుడూ కలకత్తాలో కిటికీ సందుల వెనుక నిలిచిన ఆ బాలురకు చుట్టమే.

చివరకు ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఆ దినం ఆ గదిలో ముగ్గురు ఉన్నారు. గుడీవ్ పేరు చరిత్రలో ఉన్నది. మధుసూదన గుప్త పేరు ఉన్నది. మూడవ వ్యక్తి బల్లపై ఉన్న మృతుడు. అతని పేరు ఏ నివేదికలోను లేదు. అతనివలెనే ఆ వందలాది దేహాలలో ఎన్నో నగరపు నిరుపేదలవి, దిక్కులేని వారివి, ఆసుపత్రులలో మరణించి బంధువులు రానివారివి. వారిని ఎవరూ అనుమతి అడగలేదు. అగ్రకుల విద్యార్థులు తమ కులానికి ఏమి ముప్పు వస్తుందో అని భయపడినారు. ఆ మృతులకు దహనమో ఖననమో దక్కలేదని బాధపడినవారు ఎందరు? వైద్యశాస్త్రం వారికి పడిన ఋణం పెద్దది.

ఆ ఋణాన్ని గుర్తించడం కూడా నెమ్మదిగా వచ్చినది. నేడు అనేకులు మరణానంతరం తమ దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వవలెనని బ్రతికి ఉండగానే స్వయంగా వ్రాసి ఇస్తున్నారు. పలు కళాశాలలలో మొదటి సంవత్సరం విద్యార్థులు కత్తి పట్టకముందు ఆ దేహం ముందు నిలిచి, దానిని తమ తొలి గురువుగా గౌరవిస్తామని ప్రమాణం చేస్తున్నారు. మధుసూదన గుప్త పటంలో ఆయన చేతి చెంత ఉన్న ఆ కపాలం ఎవరిదో మనకు తెలియదు. ఆ పటాన్ని చూచేవారు పండితునికి నమస్కరించేటప్పుడు, ఆ పేరులేని మనిషిని కూడా కలుపుకొని నమస్కరించడం న్యాయం.